ఐదో సాలు

ఏరు పొంగి పత్తి మిల్లు వెనక గోడ పడిపోయిన వరద వచ్చి అప్పటికి మూడో ఏడు. ఆ ఏడు నేనూ మా చెల్లెలూ పక్కపక్క చేలల్లో పత్తి పెట్టాం. మధ్యలో ఒకటే గట్టు. గట్టుకి పడమర నాది, తూర్పు ఆమెది.

బావ వరదకి ముందు ఏడాదే పోయాడు. ఆ తర్వాత చెల్లెలు చేను కౌలుకిచ్చింది. ఆ ఏడు మాత్రం, "ఇక నేనే పెడతా" అంది. మరుదులు వద్దన్నారు. ఆడదానివి, నీ వల్ల కాదు, మాకు అప్పగించెయ్ అన్నారు. "ఈ ఒక్క పంట చూడండి. చెడిందంటే అప్పగించేస్తా, నోరెత్తను" అని వాళ్ళకి మాటిచ్చి వచ్చింది. నాతో మాత్రం, "నాకేం భయం? నా చేనుకి మా అన్నయ్య కళ్ళున్నాయిగా" అంది.

ఆ కళ్ళ సంగతి చెప్పాలి. పత్తికి వచ్చే నల్లమచ్చ తెగులు మొదట నల్లగా ఉండదు. నీళ్ళు పడి ఆకు అక్కడ నానినట్టు ఉంటుంది. ఈనెల మధ్య ఇరుక్కుని, మూలలు తిరిగి, చిన్న చిన్న గళ్ళలాగా ఉంటుంది. ఎండెక్కితే ఆ తేడా పోతుంది. తెల్లవారుతూనే, మంచు ఆరకముందే, ఆకుని వెలుతురుకి ఎత్తి పట్టుకోవాలి. మచ్చ ఉన్నచోట అవతలి వెలుగు కనపడుతుంది. నాలుగు రోజులు పోయి నల్లబడ్డాక ఎవరైనా పోల్చుకుంటారు. నాలుగు రోజుల ముందే పోల్చుకునేవాణ్ణి ఆ చుట్టుపక్కల నేనొక్కణ్ణే. మా నాన్న నేర్పాడు. తడిగా ఉన్నప్పుడైతే ఆకు కూడా తొడిమతో సహా మెత్తగా వచ్చేస్తుంది. ఎండాక లాగితే కొమ్మ బెరడు లేస్తుంది. అందుకని ఆ పనికి అదే వేళ అని మా ఇంట్లో అందరికీ నమ్మకం.

పూత మీద ఉండగా పది రోజులు ముసురు పట్టింది. నా చేను పడమటి మూల మచ్చ కనపడింది. మర్నాటి నుంచీ తెల్లారేసరికి చేలో ఉండేవాణ్ణి. నడుముకి గుడ్డ ఒడి కట్టుకుని, మచ్చ ఉన్న ఆకల్లా తుంచి ఒడిలో వేసుకునేవాణ్ణి. మోచేతుల దాకా, మోకాళ్ళ దాకా తడిసిపోయేది. ఒడి నిండితే గట్టు చివర గోతిలో దులిపి, సాయంత్రం కాల్చేవాణ్ణి. అక్కడితో నా చేను పని అయ్యేది.

ఆ తర్వాత గట్టు దాటేవాణ్ణి. అదే ఒడి, అవే చేతులు. చెల్లెలి చేలో ప్రతి సాలూ తిరగక్కర్లేదు. ఐదో సాలు పట్టి నడిస్తే అటు రెండూ ఇటు రెండూ కంటికి ఆనుతాయి. నడిచే సాలులో ఆకులు మాత్రం ఎత్తి చూసేవాణ్ణి. తొమ్మిది రోజులు అలా చూశాను. ఒక్క మచ్చ కనపడలేదు. చివరి నాలుగు రోజులూ మాత్రం మబ్బు కమ్మి, ఎత్తి పట్టినా ఆకులో వెలుగు సరిగా ఆనలేదు. ఆమె అడిగేది, "ఎలా ఉందన్నయ్యా?" అని. "శుభ్రంగా ఉంది" అనేవాణ్ణి. నేను రోజుకి రెండు మూడు మాటలు మాట్లాడతాను. అందులో అదొకటి.

పదో రోజో పదకొండో రోజో, ఎండ కాసింది. నేను గోతి దగ్గరున్నాను.

"అన్నయ్యా! ఇట్రా! ఇదేంటో చూడు!"

వెళ్ళాను. చూడక్కర్లేదు, నల్లబడింది. ఆకుల మీద మచ్చలు, ఈనెల వెంట నల్లటి చారలు. ఒక పిందె మీద నూనె చుక్క పడ్డట్టు ఉంది.

"నిన్నటిదాకా లేదన్నావు."

"లేదు."

"మరి రాత్రికి రాత్రి ఆకాశం నుంచి ఊడిపడిందా?" అంది. కాసేపు గట్టు వైపు చూసింది. ఆమె ముఖంలో రంగు మారింది. "నాకు తెలుసు ఎవడు తెచ్చాడో" అని, ఆకు ఒకటి తుంచి పిడికిట్లో పట్టుకుని నడిచింది. నేను వెనకాల నడిచాను.

టీ కొట్టు దగ్గర గొర్రెలాయన ఉన్నాడు. నోరు మూతపడదు కాబట్టి అందరూ అతన్ని రేడియో అంటారు. అతను నన్ను తాళంకప్ప అంటాడు. రోజూ మా గట్టు మీదుగానే మందని మేతకి తోలుకెళ్ళేవాడు. నా దగ్గర ఆగి పావుగంట మాట్లాడేవాడు. నేను వినేవాణ్ణి. ఇరవై ఏళ్ళుగా మా స్నేహం అంతే.

"ఏమయ్యా రేడియో! నీ గొర్రెలు నా గట్టు మీద ఎందుకు నడుస్తున్నాయి?"

"వాటికి రెక్కలు లేవక్కా, ఏం చెయ్యను" అన్నాడు. బల్ల మీద కూర్చున్నవాళ్ళు నవ్వారు.

"నవ్వండి, నవ్వండి. మీ చేలకి వచ్చినప్పుడు ఏడుద్దురు గాని." పిడికిలి విప్పి ఆకు బల్ల మీద పెట్టింది. "నీ మంద తిరిగే కింద చేలల్లో ఉన్న తెగులు ఇది. ముసురులో తడిసిన నీ గొర్రెలు అక్కడ రాసుకుని, ఆ బొచ్చుతోటే వచ్చి నా మొక్కల్ని రాసుకున్నాయి."

"అమ్మతోడక్కా, ఒక్కటి గట్టు దిగలేదు. అసలు నీ కేక వింటేనే వాటికి మేత సయించదు. నీ చేలో దిగే ధైర్యం వాటికెక్కడిది?"

"నీ వేళాకోళాలు నా దగ్గర కాదు! నా పంట పోతోందిక్కడ. రేపట్నుంచి నీ మంద ఆ గట్టెక్కిందో, నీకూ నాకూ మాటల్లేవు. మనిషివైతే ఎక్కకు."

అందరూ నవ్వు ఆపారు. రేడియో నా వైపు తిరిగాడు.

"తాళంకప్పన్నా, నువ్వైనా చెప్పు. పొద్దున్నే అక్కడుండేది నువ్వే కదా. నా గొర్రెలు ఏనాడైనా చేలో దిగాయా?"

దిగలేదు. ఆ సంగతి నాకు తెలుసు. చెల్లెలు నా భుజం పక్కనే నిలబడి ఉంది. నలుగురిలో ఆమెది తప్పని ఎలా అనను అనుకున్నాను. టీ గ్లాసుల వైపు చూస్తూ నిలబడ్డాను.

"సరేలే. తాళం తెరుచుకోదు" అన్నాడు రేడియో. ఈసారి అతనూ నవ్వలేదు.

మర్నాటి నుంచీ మందని లారీలు తిరిగే రోడ్డు మీదుగా తోలుకెళ్ళడం మొదలుపెట్టాడు. చుట్టుదారి. పొద్దున గట్టు మీద ఎవరూ ఆగేవారు కాదు.

మూడో రోజు పంటల ఆఫీసు నుంచి ఒకావిడ వచ్చింది. వానలోనూ ఎండలోనూ గొడుగు వదలదని ఆవిణ్ణి గొడుగు మేడం అంటారు. చెల్లెలు రెండుసార్లు ఆఫీసుకి వెళ్ళి బతిమాలితే వచ్చింది. పొద్దున్నే వచ్చింది గాని చేలో దిగలేదు. "ఆరనివ్వండి" అని గట్టు మీద గొడుగు వేసుకుని కూర్చుంది.

చెల్లెలు కాసేపు అటూ ఇటూ తిరిగింది. "బట్టలు తడుస్తాయని కాబోలు మహారాణికి" అని నా చెవిలో గొణిగి, మందు కొట్టడానికి డ్రమ్ములో నీళ్ళు నింపుతానని ఇంటికి వెళ్ళిపోయింది.

ఎండ బాగా ఎక్కాక మేడం చేలో దిగింది. నేను వెనకాల వెళ్ళాను. ఆవిడ ఆకులు తిప్పి చూస్తూ, సాళ్ళకి అడ్డంగా నడిచింది. కొంతదూరం పోయి ఆగింది. మళ్ళీ వెనక్కి వచ్చి మొదటి నుంచి నడిచింది. ఈసారి వేలితో సాళ్ళు లెక్కపెట్టింది.

"పెద్దాయనా, ఇక్కడ ఎవరు తిరిగారు?"

"గొర్రెలంటోంది మా చెల్లెలు."

"ఈ సాలులో ఉంది. తర్వాత నాలుగూ బాగున్నాయి. మళ్ళీ ఇందులో ఉంది. మళ్ళీ నాలుగు బాగున్నాయి. చివరిదాకా ఇదే వరస. గొర్రెలు లెక్కపెట్టుకుని నడుస్తాయా?" నవ్వింది. "ఇది పురుగు కాదండీ, బాక్టీరియా. కంటికి కనపడదు. మచ్చ మీద తడి ఉంటుంది చూడండి, ఆ తడిలో లక్షల కొద్దీ ఉంటుంది. తడి చెయ్యి తగిలినా, తడి గుడ్డ తగిలినా దాంతో పాటు పోతుంది. ఆరితే ఇంతగా కదలదు. అందుకే నేను కూర్చున్నా. ఎవరో మంచులో తిరిగారిక్కడ. ప్రతి ఐదో సాలు పట్టి, ఆకు ఆకూ ముట్టుకుని. పని బాగా తెలిసిన మనిషే. ఎవరో తెలుసా?"

తల దించి చూసుకున్నాను. నా నడుముకి ఒడి ఇంకా అలాగే ఉంది. ఎండి అట్ట కట్టింది. ఆకుపసరు మరకలు నల్లగా ఉన్నాయి. అప్పటిదాకా అది నా కష్టం అనుకునేవాణ్ణి.

చెల్లెలు గొర్రెల గురించి అన్న మాటలో సగం నిజమే. ఒంటికి అంటుకునే వచ్చింది. ఒళ్ళే వేరు.

"ఇంకా ముదరలేదు. ఈ సాళ్ళ వరకే ఉంటే నిలబడుతుంది" అంది మేడం. సంచిలోంచి ఒక కాగితం తీసింది. "చదువు వచ్చా?"

"మూడు."

"మూడో తరగతా? చాలు. ఇందులో అంతా ఉంది. మీ చెల్లెలికి చదివి వినిపించండి."

మధ్యాహ్నం చెల్లెలి ఇంటి వాకిట్లో కూర్చున్నాం. మా ఇద్దరి ఇళ్ళకీ మధ్య గోడ ఒకటే. నా భార్య పోయిన దగ్గర్నుంచి నా భోజనం అక్కడే. చెల్లెలికి అక్షరం రాదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, బడిపిల్లలా కూర్చుంది.

"ఊఁ, చదువు."

అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. అందులో నాలుగే సంగతులు. మచ్చలున్న ఆకులు తీసి కాల్చెయ్యాలి. రాగి మందు, దాంట్లో కలిపే పొడి, ఇన్ని నీళ్ళకి ఇంత అని కొలత ప్రకారం కొట్టాలి. మూడోది, ఆకు తడిగా ఉన్నప్పుడు ఎవరూ చేలో దిగరాదు, తెగులు మనిషి వెంట పోతుంది. నాలుగోది, పంట అయ్యాక పత్తికట్టె చేలో ఉంచరాదు.

నా వేలు మూడో వరస దగ్గర ఆగింది. తర్వాత కిందికి జారింది. కట్టె సంగతి చదివాను.

"అంతేనా?"

"అంతే."

"ఆవిడ అంతసేపు గొడుగేసుకుని కూర్చుంటే రామాయణమంత చెబుతుందనుకున్నా" అంది. ఆమె ముఖం తేటపడింది. "అయితే ఆకులు తియ్యడమేగా. ఆరుగురు ఆడవాళ్ళని మాట్లాడేస్తా. రేపు తెల్లారుతూనే దిగుదాం. నువ్వు ముందు నడిచి మచ్చ ఎలా ఉంటుందో చూపించు. ప్రతి సాలూ గాలిద్దాం, ఒక్కటీ వదలొద్దు."

ఆరుగురు, మంచులో, ప్రతి సాలూ. మధ్యలో ఉన్న ఆ నాలుగేసి సాళ్ళు కూడా పోతాయి. ఇక చేనంతా ఒకటే.

"ఎండెక్కాక రమ్మను" అన్నాను.

"ఎండెక్కితే కనపడదని నువ్వే కదా చెప్పావు?"

దానికి నా దగ్గర జవాబు ఉంది. కాగితంలో మూడో వరసే జవాబు. కాగితం మడత పెట్టాను. ఆమె చెప్పులు వేసుకుని ఆడవాళ్ళ ఇళ్ళవైపు వెళ్ళిపోయింది.

ఇంట్లో కూర్చోలేక రోడ్డు వైపు నడిచాను. మలుపు దగ్గర మంద ఆగి ఉంది. రోడ్డు పక్క రెండు గొర్రెలు పడి ఉన్నాయి. ఒకటి ఈనడానికి సిద్ధంగా ఉన్నది. లారీ ఆగకుండా పోయిందట. రేడియో వాటి దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఏమీ మాట్లాడటం లేదు. ఇరవై ఏళ్ళలో అతను అలా ఉండగా నేను చూడలేదు.

బండి వస్తే ఎత్తి వేయడానికి ఒక చెయ్యి వేశాను. కాళ్ళు నేను పట్టుకున్నాను, తల అతను పట్టుకున్నాడు.

"గట్టు మీదకి లారీలు రావు కదన్నా" అన్నాడు నెమ్మదిగా. అది నిష్ఠూరంగా అనలేదు. అదే నాకు ఎక్కువ బాధయింది.

చెప్పాల్సిన వేళ అదే. చెప్పకుండానే బండి కదిలింది.

దీపాలు పెట్టే వేళకి చెల్లెలు కంచం పెట్టింది. ఆరుగురూ ఒప్పుకున్నారట. చీకటి విడవకముందే గట్టు దగ్గరుంటారట. ఎదురింటి ముసలత్త కూడా వస్తానంది గాని ఆమెకి కళ్ళు కనపడవు, వద్దన్నానని చెప్పి నవ్వింది. నేను తినలేదు.

"ఏం, బాగాలేదా?"

"వాళ్ళని పొద్దున్నే రావద్దని చెప్పు."

"మళ్ళీ మొదలా? ఎందుకో చెప్పి ఏడువు."

"తడిలో దిగితే మనిషి వెంట పోతుంది తెగులు."

"ఎవరన్నారు?"

"మేడం అంది. కాగితంలో కూడా ఉంది."

ఆమె చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"గొర్రెలు తేలేదు" అన్నాను. "నేను తెచ్చాను. నా చేలో తుంచి, ఆ చేతులతోనే నీ చేలోకి వచ్చేవాణ్ణి. ఐదో సాలు ఐదో సాలుగా వచ్చింది. నేను నడిచిన సాళ్ళే."

"ఆ ఒడితోనా?"

"ఆ ఒడితోనే."

ఆమె తర్వాత అడిగిన మాట నేను అనుకున్నది కాదు.

"కాగితంలో ఉందన్నావు. మధ్యాహ్నం చదివావు కదా. నాకు వినపడలేదేం?"

"వదిలేశాను."

"వదిలేశావు."

"ఆఁ."

గరిటె కింద పెట్టింది. "తెగులు తెచ్చావంటే, తెలియక తెచ్చావు. నా మంచికే తిరిగావు. దానికి నేనేమీ అనను. కాని మీ బావ పోయినప్పుడు మరుదులు కాగితాలు చదివి వినిపించారు. ఏ వరస మింగేశారో అని ఎన్ని రాత్రులు పైకప్పు చూస్తూ పడుకున్నానో నాకే తెలుసు. నువ్వు చదివితే మాత్రం నిశ్చింతగా ఉండేదాన్ని. మా అన్నయ్య తక్కువ మాట్లాడతాడు గాని, మాట్లాడిందాంట్లో తరుగుండదు అనుకున్నా."

నా ముందున్న కంచం తీసి పక్కన పెట్టింది.

"ఇప్పుడు కూడా నోరు విప్పకుంటే రేపు ఏమయ్యేది? ఆరుగురు కలిసి చేనంతా అంటించేవాళ్ళం. నేను నా చేతులతోనే పోయి మరుదులకి చేను అప్పగించేదాన్ని. నువ్వు పక్కన నిలబడి చూసేవాడివి."

"అందుకే చెప్పాను."

"ఎంత తొందరగా చెప్పావు!" అంది. లేచి చెప్పులు వెతుక్కుంది. ఆడవాళ్ళ ఇళ్ళకి మళ్ళీ వెళ్ళి చెప్పాలి. గుమ్మం దగ్గర ఆగింది.

"ఆ రేడియోని నేను నలుగురిలో అన్నాను."

"నేను చెప్తాలే."

"నలుగురిలో అన్నాను" అని మళ్ళీ అని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే టీ కొట్టుకి వెళ్ళాను. బల్ల నిండా జనం ఉన్నారు. రేడియో చివర కూర్చున్నాడు. నేను కూర్చోలేదు. టీ కొట్టతను నాకు గ్లాసు అందించబోయాడు. వద్దని చెయ్యి ఊపాను.

"మా చెల్లెలి చేలో తెగులు గొర్రెల వల్ల రాలేదు" అన్నాను. "నా వల్ల వచ్చింది. మంచులో నా చేలో తిరిగి, ఆమె చేలో తిరిగాను. ఇతని గొర్రెలు ఏనాడూ గట్టు దిగలేదు. ఆ రోజే నాకు తెలుసు. అడిగితే చెప్పలేదు."

"ఓరినీ, తాళం తెరుచుకుందిరోయ్!" అన్నాడొకడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

రేడియో నవ్వలేదు. గ్లాసులోకి చూస్తూ, "ఆ రోజే అనుంటే నా గొర్రెలు రెండూ ఉండేవన్నా" అన్నాడు.

"ఉండేవి."

"ఈనేది కూడా."

"ఆఁ."

ఇంకేమైనా అంటాడేమో అని నిలబడ్డాను. అతను లేచాడు. కర్ర తీసుకుని మంద దగ్గరికి పోయాడు. గట్టు వైపు తోలతాడేమో అని చూశాను. రోడ్డు వైపే తోలాడు.

నేను చేను దగ్గరికి వెళ్ళేసరికి చెల్లెలూ ఆరుగురు ఆడవాళ్ళూ గట్టు మీద వరసగా కూర్చుని ఉన్నారు. ఆకులు ఇంకా మెరుస్తున్నాయి. వాళ్ళు కబుర్లు చెప్పుకుంటున్నారు. నన్ను చూసి ఆపేశారు. వాళ్ళకి కాస్త దూరంగా కూర్చున్నాను. ఎండ పైకొచ్చాక చెల్లెలు ఒక ఆకు ముట్టుకుని చూసి, "ఇక దిగండమ్మా" అంది. మచ్చ నల్లబడింది కాబట్టి ఎండలో కూడా కనపడుతోంది. ఒక్కొక్కరికి ఒక్కో సాలు చూపించింది. తనొకటి పట్టింది. నాకు ఏదీ చెప్పలేదు. నేను అడగలేదు.

గాలి పడమర నుంచి వీస్తోంది. మబ్బు కూడా అటే ఉంది. వాన పడితే నా ఆకుల మీద చినుకు చిట్లి తెగులు ఆమె చేలోకే పోతుంది. మధ్యలో కొన్ని సాళ్ళు ఖాళీగా ఉంటే అంత దూరం పోదు. నా చేలోకి దిగి, గట్టుని ఆనుకుని ఉన్న మొదటి సాలు పట్టాను. మొదటి మొక్కని మొదలు దగ్గర పట్టుకుని లాగాను. కాయ పట్టిన మొక్క, వేళ్ళు లోతుకి దిగాయి. రెండు చేతులా పట్టి ఊపితే గాని రాలేదు. దాన్ని సాలులో పడేసి పక్కదాన్ని పట్టుకున్నాను.

మధ్యాహ్నానికి మూడు సాళ్ళు అయ్యాయి. మధ్యలో ఒకసారి చెల్లెలు నడుం నిటారు చేసి నా వైపు చూసింది. మంచి కాయలున్న మొక్కలు పడి ఉండటం ఆమెకి కనపడింది. ఆపమనలేదు. నేను నాలుగో సాలులోకి జరిగాను.